పిల్లి ముక్కు మీద పసుపు

2023 ఫిబ్రవరి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ అంచున మా పశువైద్యశాల. పేరుకు పశువులని ఉన్నా వచ్చేవి ఎక్కువగా కుక్కలూ పిల్లులే. చలి వదిలీ వదలని ఆ నెలలో ఇక్కడి ఎండ గోరువెచ్చని పాలలా ఉంటుంది. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు వింటూ కూర్చుంటే మెలకువగా ఉన్నామో లేదో మనకే తెలియదు. అలాంటి ఒక పొద్దుట రమణమ్మ పిన్ని బుట్టలో పిల్లిని తీసుకొచ్చింది.

పిన్ని అంటే రక్తసంబంధం కాదు. వాళ్లదీ మాదీ విజయనగరం వైపు, క్వార్టర్లు ఒకే లైనులో. ఆమె భర్త గూడ్సు బండి నడుపుతాడు. డ్యూటీకెళ్తే రెండేసి రోజులు ఇంటికి రాడు. పిల్లలు లేరు. ఆ రెండు రోజులూ ఆమె మాట్లాడేది ఈ తెల్లపిల్లితోనే. పేరు డీజిల్. ఒళ్లో పడుకుని గుర్రుమనే తీరు చూసి బాబాయే ఆ పేరు పెట్టాడు.

"తెల్లారిన కాణ్నించి కక్కుతోందమ్మా. పాలు పెడితే మూతి తిప్పీసింది. ఏటైనాదో సూడు."

చెవి దగ్గర గీరుడు, దాని మీద పసుపు. ముక్కు మీదా, ఛాతీ మీదా కూడా అదే రంగు. "పసుపు పెట్టీసినావా పిన్నీ?" అన్నాను.

"పెట్టినానమ్మా. నిన్న పక్క క్వార్టర్ గండుపిల్లితో కొట్లాడింది."

మావాళ్ల సంగతి నాకు తెలియదా! మనిషికి తెగినా మేకకు తెగినా ముందు పసుపే. లోపల్లోపల నవ్వుకుని, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేశాను. ఇంకొక్క ప్రశ్న అడిగితే నా సొమ్మేం పోయేది?

మధ్యాహ్నం కోటు చేతికి అంటిన మరకలు సబ్బుతో రుద్దుతున్నాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఇది మన ఇళ్లలో ఎవరికైనా తెలుసు. ఒక మరక ఎర్రబడింది. దాని పక్కది మాత్రం తుప్పు రంగులో అలాగే ఉండిపోయింది. కిటికీలోంచి ఎండ, కుళాయి ధార, ఎక్కడో బండి కూత. కలలో ఉన్నదానిలా ఆ మరకనే చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి తట్టింది, ఇది పసుపు కాదు. పరుగున వెళ్లి ఫోన్ చేశాను.

"పిన్నీ, మీ పెరట్లో ఏం పూలున్నాయి?"

"లిల్లీలమ్మా! మీ బాబాయి దుంపలు తెచ్చి నాటినాడు. ఈ వారమే పూసినాయి. డీజిల్ వాటి కిందే తొంగుంటాది, ఎంత బాగుంటాదో!"

"దాన్ని ఒళ్లు నాక్కోనీకు. వెంటనే పట్రా."

లిల్లీ ఆకు, పువ్వు, పుప్పొడి, పూలు పెట్టిన గిన్నెలో నీళ్లు, అన్నీ పిల్లికి విషమే. ఒంటికి అంటిన పుప్పొడి నాక్కున్నా చాలు, కిడ్నీలు పోతాయి. ఎంత తొందరగా మందు మొదలుపెడితే అంత ఆశ. ఆ ఉన్న కాస్త టైములో ఆరు గంటలు నేనే పోగొట్టాను.

ముందు పుప్పొడి అంతా కడిగేశాను. ముంగాలి నరంలోకి కాన్యులా, అంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, ఎక్కించి డ్రిప్ పెట్టాను. రక్తంలో క్రియాటినిన్ చూశాను. కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం అది. అప్పటికే పెరుగుతోంది. ఇక చూడాల్సింది ఒక్కటే, మూత్రం వస్తుందా రాదా అని.

రెండో రోజు మధ్యాహ్నానికి కూడా కింద పరిచిన గుడ్డ పొడిగానే ఉంది. డ్రిప్ చుక్కలు ఒక్కొక్కటే జారుతుంటే గదిలో కాలం కూడా అంత నెమ్మదిగానే కదిలింది. పిన్ని అన్నం ముట్టలేదు. డ్యూటీ దిగిన బాబాయి ఇంటికెళ్లి లిల్లీలన్నీ పీకేసి, మట్టి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాను నాటిన పూలే దీన్ని సంపీసినాయా అమ్మా?"

ఆ మాట వినలేకపోయాను. "పూలది తర్వాత బాబాయ్. నిన్న పొద్దున్నే నా కళ్లెదుట పుప్పొడి ఉంది. పసుపే కదా అని నేనే పంపేశాను" అన్నాను.

పిన్ని పిల్లి వీపు నిమురుతూనే ఉంది. చివరికి, "అచ్ఛా. సెప్పినావు కదా. ఇంక దాన్నొగ్గీకు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఒగ్గలేదు, వదిలిపెట్టలేదు. మందులు మార్చాను, డ్రిప్ కొలత మార్చాను, తెలిసిన పెద్ద డాక్టరుకు పదిసార్లు ఫోన్ చేశాను. మూడో రోజు పొద్దున డీజిల్‌ని ఒళ్లో పెట్టుకుని కాన్యులా సర్దుతున్నాను. వెచ్చగా ఏదో తగిలింది. చూస్తే నా చీర కుచ్చిళ్లు నిలువునా తడిసిపోయాయి.

"పిన్నీ! పోసింది! పోసిందే!" అని కేకేశాను. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని ఏడ్చాం.

పిల్లి బతికింది. లిల్లీ విషమని పుస్తకంలో చదివిందే, నాకు కొత్త కాదు. నన్ను ముంచింది మావాళ్ల ఇల్లు నాకు తెలుసన్న ధీమా. ఇప్పుడు మావాళ్లెవరు పిల్లిని తెచ్చినా, ముక్కూ మొహం తెలియని వాళ్లను అడిగినట్టు పెరడుతో సహా అన్నీ అడుగుతాను. "ఏటమ్మా, మా ఇల్లు నీకు తెల్దా?" అని విసుక్కుంటారు.

"తెల్దు, సెప్పండి" అంటాను.