బ్రిజెట్ వయసు

పదకొండేళ్లుగా నా మీద ఒక బరువుంది. దించుకునే చోటు లేక కాదు, ధైర్యం లేక మోశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు ఈ పరాయి దేశానికి వచ్చి, ట్రాలీ అనే ఊళ్లో చదువు ముగించి, ఉద్యోగం వెతుక్కుంటూ, ఒక రికార్డు ఆఫీసులో తాత్కాలికంగా చేరాను. వందేళ్ల కిందటి వృద్ధాప్య పింఛను కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. ఆ రోజుల్లో ఇక్కడ డెబ్బై దాటినవాళ్లకు పింఛను ఇవ్వడం మొదలైంది. కాని చాలామంది ముసలివాళ్ల దగ్గర పుట్టిన తేదీకి రుజువు లేదు. అందుకని వాళ్ల చిన్నప్పటి జనాభా లెక్కల్లో పేరు వెతికించేవారు. దొరికితే వయసు నిజమైనట్టు. ఆ లెక్కల పుస్తకాలు తర్వాత కాలిపోయాయి. వెతికించిన కాగితాలే మిగిలాయి.

రేపల్లె దగ్గర మా నాయనమ్మ కూడా తన వయసు ఉప్పెన వచ్చిన ఏడాది నుంచి లెక్క చెప్పేది. ఆవిడ మాట నమ్మని పింఛను గుమాస్తాను ఇంటిల్లిపాదీ తిట్టుకున్నాం. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని నేను.

శాండీఫోర్డ్ అనే చోట ఒక కంపెనీలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. శుక్రవారంలోగా పెట్టెలన్నీ ముగిస్తే నా పని గురించి వాళ్లకు మంచి ఉత్తరం రాసిస్తానని మా పై అధికారి అంది. ఆఖరి పెట్టెలో ఒక కట్ట, చేతిరాత చీమలు పాకినట్టుంది. రెండు కాగితాలు చదివాను. మిగతావాటికి పేర్లు మాత్రం ఎక్కించి, పక్కన 'ఆధారం దొరకలేదు' అని టైపు చేసేశాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. ఎవరు చూస్తారులే అనుకున్నానా? అసలేమీ అనుకోలేదేమో. అదే ఇంకా సిగ్గుగా ఉంది.

నేను అద్దెకున్న గది నోరా అనే ఎనభై ఏళ్ల ఆవిడ ఇంట్లో. పెట్టెలు ముగిశాక, ఆఫీసులో సర్దే పని ఇంకో వారం ఉందనగా, టీ పోస్తూ, వాళ్ల అమ్మమ్మ తల్లి బ్రిజెట్ సంగతి చెప్పింది. బ్రిజెట్ డెబ్బై దాటాయని అర్జీ పెట్టింది. ఆఫీసరు నమ్మలేదు. అబద్ధమాడి పరువు తీశావని కన్నకూతురే, అంటే నోరా అమ్మమ్మే, ఆమెతో పోట్లాడింది. బ్రిజెట్ ఇల్లు వదిలి నడుచుకుంటూ వెళ్లి, దిక్కులేనివాళ్లను ఉంచే పూర్‌హౌస్‌లో చేరింది. ఆ చలికాలమే అక్కడ పోయింది. అమ్మ నిజమే చెప్పిందేమోనని కూతురు చివరిదాకా కుమిలిపోయిందట. నిజమని తేలితే, కుటుంబం సమాధి రాయి మీద బ్రిజెట్ పేరు చెక్కించాలని నోరా ఆశ.

"మీ కాగితాల్లో ఉందేమో చూడు, గర్ల్. ఏది ఉన్నా సరే నాకు చెప్పు."

మర్నాడు చూశాను. పేరు ఆ కట్టలోనే ఉంది. పక్కనున్న మాట నేను రాసిందే. పెట్టె తెరవడానికి రెండడుగులు. తెరవలేదు.

సాయంత్రం ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఆధారం దొరకలేదని ఉంది" అన్నాను.

"అయితే అబద్ధమే ఆడిందన్నమాట, పాపం."

"అలాగే ఉంది."

"పోనీలే. మా అమ్మమ్మ తప్పు లేదుగా. గ్రాండ్, అంతా మంచికే. నాకది చాలు."

ఆ ముఖంలో ఊరట చూశాను. అది నేనిచ్చిందే, అబద్ధంతో.

ఆఖరి రోజు, ఉత్తరం సంచిలో పెట్టుకున్నాక, పెట్టె తెరిచాను. కాగితం అడుగున ఎర్ర సిరాతో, కాస్త కళ్లు పెట్టి చూస్తే తెలిసేలా, అంతా ఉంది. చిన్నప్పటి జనాభా లెక్కల్లో బ్రిజెట్, ఆరేళ్లు, తండ్రి పేరు, ఊరు. లెక్క వేస్తే అర్జీనాటికి ఆమెకు డెబ్బై ఒకటి. ఆ కింద మరో చేతిరాత: 'అర్జీదారు మరణించారు.' అంటే ఆఫీసరు కాదన్నాక మళ్లీ వెతికించారు, జవాబు ఆమె పోయాక వచ్చింది.

కాగితం లోపల పెట్టేశాను. ఒక్కటి దిద్దితే కట్టంతా బయటపెట్టాలి. నోరాకు చెబితే, నిజం చెప్పిన తల్లిని వాళ్ల అమ్మమ్మే వెళ్లగొట్టినట్టవుతుంది, ఈ వయసులో ఆవిడకు ఆ బాధెందుకు అనుకున్నాను. ఆవిడ కోసమేనా? ఆ ప్రశ్నకు జవాబు అప్పుడే తెలుసు నాకు.

నేను ఆ ఊరు వదిలాక నోరా ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేసేది. ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని. పిల్లలెలా ఉన్నారని అడిగేది, బాగున్నారనేదాన్ని.

నిరుడు నోరా పోయింది. అంత్యక్రియలకు వెళ్లాను. నీ గురించి ఎంతో మంచిగా చెప్పేదని ఆవిడ తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. వెనక సమాధి రాయి మీద పేర్లన్నీ చదివాను. బ్రిజెట్ లేదు. అప్పుడైనా ఆయనకు చెప్పి ఉండొచ్చు. వానకు గొడుగు తెరుచుకుని కారు వైపు నడిచాను.

ఆ కట్టంతా మళ్లీ చదివించమని, తప్పు నాదేనని, పోయిన వారం ఆఫీసుకు రాశాను. జవాబు రాలేదు. అందులో ఇంకెందరున్నారో, వాళ్ల మనవలు ఎవరెవరు వచ్చి ఆ మాట చదువుకుని వెళ్లారో నాకు తెలియదు. క్షమించమని అడగడానికి నోరా లేదు.

బ్రిజెట్ నిజమే చెప్పింది. ఆమెకు డెబ్బై ఒక్కేళ్లు. ఈ మాట ఇన్నాళ్లకు ఒక మనిషితో అనగలిగాను.