శాంసన్ గారి ఆగస్టు

సౌదీ అరేబియాలో, జుబైల్‌లోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో శాంసన్ షట్‌డౌన్ ప్లానర్. మరమ్మతుల కోసం ప్లాంటును ఇరవై రోజులు ఆపాలంటే ఏ గంటకు ఏ వాల్వు విప్పాలో, ఏ వెల్డరు ఏ టవరెక్కాలో ఆరు నెలల ముందే రాసిపెట్టేది అతనే. రాజోలు దగ్గర పుట్టి, ఫిట్టరుగా ఈ దేశం వచ్చి, పదిహేడేళ్ళలో ఆ కుర్చీ దాకా చేరాడు. కుర్చీతో పాటు ఒక అలవాటు కూడా అంటుకుంది. ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చే రోజు కూడా అతని కంప్యూటర్లో ఒక రంగు గీతగా ఉంటుంది.

"మా పెళ్ళిరోజు కూడా ఆయనకి పచ్చగీతేనండి. గీత అయిపోతే పండగ అయిపోయినట్టే" అని భార్య దయావతి తోటి నర్సులతో అంటుంది. ఆమె అదే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఈమెకు రాత్రి డ్యూటీ ఉంటే ఆయనకు పగలు. ఒకరు చెప్పులు విప్పేసరికి ఇంకొకరు తొడుక్కుంటున్నారు. వాళ్ళ సంసారంలో సగం మాటలు ఫ్రిజ్ మీద అంటించిన చీటీల్లోనే నడిచాయి.

కూతురు జాయ్సీ చదువుకని మంగళూరు వెళ్ళాక, ఒక శుక్రవారం పప్పు తిరగమోత పెడుతూ దయావతి అడిగింది.

"ఏవండీ, ఈసారి సెలవుకి ఊరెళ్ళకుండా ఇంకెక్కడికైనా వెళ్దామా? పచ్చగా ఉన్న చోటికి?"

శాంసన్‌కు 'ఎక్కడికైనా' వరకే వినబడింది. ఎందుకంటే ఎక్కడికో అతను అప్పటికే తేల్చుకున్నాడు. ఆఫీసులో పక్క సీటు నౌమాన్ ఆ వారమే ఒక వీడియో చూపించాడు. ఆఫ్రికాలో వైల్డ్‌బీస్టులని, గడ్డాలున్న గేదెల్లాంటి జంతువులు లక్షల్లో కదిలి వచ్చి మొసళ్ళున్న నదిలో దూకి అవతలి గట్టెక్కుతున్నాయి. నౌమాన్ మొసళ్ళను చూశాడు. శాంసన్ క్రమాన్ని చూశాడు. సూపర్‌వైజరు లేడు, సైరన్ లేదు, ఏటా అదే దారి.

"మన కాంట్రాక్టర్లకి ఇది చూపించాలి నౌమాన్ భాయ్" అన్నాడు.

ఆ వారంలోనే చార్టు తయారైంది. పైన పన్నెండు నెలలు, కింద వాన, గడ్డి ఎత్తు, మంద ఉండే చోటు, ప్లాంటు పనులు, దయావతి డ్యూటీలు, ఏటా ముందుకు జరిగే రంజాన్. ఏడాది మొదట్లో మంద టాంజానియా దక్షిణాన ఉండి ఫిబ్రవరిలో ఈనుతుంది. వానలు వెనకబట్టాక మెల్లగా ఉత్తరానికి నడిచి, జూలై ఆఖరుకు కెన్యాలోని మసాయి మారా చేరుతుంది. నది దాటడం చూడాలంటే అక్కడే, ఆగస్టులో. ఆ గడికి శాంసన్ ముదురు పచ్చ వేశాడు. ఏప్రిల్, మే పెద్ద వానల కాలం. దారులన్నీ బురద, గడ్డి నిలువెత్తు, మంద సరిహద్దు అవతల. ఆ రెండు గళ్ళకూ ఎరుపు వేసి, చాలదన్నట్టు అడ్డంగా గీత కూడా కొట్టాడు.

మొదటి ఏడాది ఆగస్టుకు అన్నీ సిద్ధమయ్యాయి. ఎల్లో ఫీవర్ టీకాలు వేయించుకున్నారు. జూలైలో ప్లాంటులో ఒక కంప్రెసరు వణకడం మొదలుపెట్టింది. అక్టోబరులో జరగాల్సిన షట్‌డౌన్‌ను ఆగస్టుకు లాగారు. కొత్త తేదీలు వేసి సంతకం పెట్టింది శాంసనే. ఆ రోజు ఇంటికొచ్చి అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"గడ్డాల గేదెలు వచ్చే ఏడు కూడా వస్తాయి కదండీ" అని దయావతి చారు పోసింది.

గేదెలు వచ్చేవే. సెలవే రాలేదు. బడికెళ్ళే పిల్లలున్న తల్లులకు జూలై, ఆగస్టు సెలవులు ముందు ఇస్తామంది ఆసుపత్రి. దయావతికి దొరికింది ఏప్రిల్ ఆఖర్న రెండు వారాలు. శాంసన్ చార్టు ఆమె ముందు పరిచి, డాక్టరు ఎక్స్‌రే చూపించినట్టు ఆ ఎర్ర గడి చూపించాడు.

"లాభం లేదు దయా. ఆ నెలలో అక్కడ ఒకటే వాన."

"రోజూ పడుతుందా?"

"రోజూ."

"గట్టిగానా?"

"దారులు మునిగేంత గట్టిగా. అందుకేగా ఎరుపు వేశాను."

దయావతి గరిటె కింద పెట్టింది. జుబైల్‌లో ఏడాదికి నాలుగు చినుకులు పడితే ఆసుపత్రిలో నర్సులంతా ఫోన్లు పట్టుకుని కిటికీల దగ్గర నిలబడతారు.

"అయితే టికెట్లు కొనేయండి" అంది.

శాంసన్ మూతి ముడుచుకునే విమానం ఎక్కాడు. నైరోబీలో వాళ్ళను ఎక్కించుకున్న డ్రైవరు జోసఫత్ మారా దారులన్నీ తెలిసినవాడు, నిదానస్తుడు. శాంసన్ అతనికి రోజువారీ పట్టిక ఇచ్చాడు. ఆరుంపావుకు ఏనుగులు, తొమ్మిదింటికి టిఫిను, పదిన్నరకు జిరాఫీలు. జోసఫత్ దాన్ని శ్రద్ధగా చదివి, "చాలా బాగుంది సార్" అని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ బయటికి తీయలేదు.

మూడో రోజు పొద్దున జీపు నల్లరేగడి బురదలో దిగబడింది. చక్రాలు తిరిగిన కొద్దీ ఒక పక్కకు ఒరుగుతోంది. జోసఫత్ రేడియోలో విడిదికి చెప్పాడు. వాగు పొంగింది, ట్రాక్టరు రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు. శాంసన్‌లోని ఫిట్టరు లేచి కూర్చున్నాడు.

"ట్రాక్టరెందుకు? వెనక చక్రం కింద నాలుగు రాళ్ళు వేస్తే చాలు. నేను చూపిస్తాను" అని తలుపు తీసి ఒక కాలు కిందికి పెట్టాడు.

జోసఫత్ అతని భుజం మీద చెయ్యేసి ముందుకు చూపించాడు. ఇరవై అడుగుల దూరంలో, దారి మధ్యన కాస్త ఎత్తుగా ఆరిన చోట, ఒక ఆడసింహం పడుకుని ఉంది. పక్కన మూడు పిల్లలు.

"గడ్డి తడిగా ఉంటే వాటికి నచ్చదు సార్. ఇలా దారి మీదికి వస్తాయి" అన్నాడు మెల్లగా.

శాంసన్ పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఏ పనీ ఆ కాలు లోపలికి వచ్చినంత త్వరగా పూర్తి కాలేదు.

"పేరుకి సింహాన్ని చీల్చిన బైబిలు శాంసన్" అంది దయావతి, సింహాన్నే చూస్తూ.

తర్వాత చేయగలిగిందేమీ లేదు. వాన పడింది, ఆగింది, మళ్ళీ పడింది. దయావతి కిటికీలోంచి చెయ్యి చాపి తడుపుకుంది. జంతికల డబ్బా తీసి జోసఫత్‌కు పెడితే, అతను తిని, మొహమాటం లేకుండా డబ్బా తన వైపు తిప్పుకున్నాడు. శాంసన్ మొదట ఐదు నిమిషాలకోసారి వాచీ చూశాడు. తర్వాత ఒక సింహం పిల్ల తల్లి వీపెక్కబోయి బురదలోకి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి తల్లే విసుగొచ్చి పక్కకు నెట్టింది. శాంసన్ నవ్వు ఆపుకోలేక చేత్తో నోరు మూసుకున్నాడు.

దూరంగా మైదానం మీద వాన ఒక తెరలా నడిచి వస్తోంది. ముందు అవతలి చెట్లు మాయమయ్యాయి, తర్వాత ఇవతలివి. వాళ్ళున్న చోట ఇంకా ఎండే.

"జాయ్సీ పుట్టిన రోజు కూడా ఇలాగే వాన గుర్తుందా?" అన్నాడు శాంసన్.

"గుర్తులేకేం. మీరు గొడుగు తెస్తానని వెళ్ళి రెండు గంటలకొచ్చారు."

"షాపు మూసేశాడే."

"ఈ మాట ఇన్నేళ్ళలో చెప్పలేదే మీరు."

చెప్పడానికి తీరికెక్కడిది? గొడుగు నుంచి మాట ఆసుపత్రికీ, అక్కణ్ణుంచి జుబైల్‌కు మొదట వచ్చినప్పటి ఒంటిగదికీ మళ్ళింది. చీటీల మీద పట్టని మాటలన్నీ వచ్చాయి. ట్రాక్టరు చప్పుడు వినబడి సింహం లేచి పిల్లలతో గడ్డిలోకి వెళ్ళిపోతే, అప్పుడే వచ్చేశాడా అనిపించింది శాంసన్‌కు.

అప్పుడు మాత్రం అతను కిందికి దిగాడు. తాడు బంపరుకు కట్టబోతుంటే ఆపి, కింద ఛాసిస్ ఇనప చట్రానికి కట్టించాడు. జోసఫత్ తలూపి అలాగే చేశాడు. జీపు ఒక్క ఊపున బయటికొచ్చింది. వెనక నిలబడి సైగలు చేస్తున్న శాంసన్ మీద చక్రాలు మోకాలి లోతు బురదనంతా కుమ్మరించాయి. కళ్ళు తప్ప ఏమీ కనబడని మొగుడికి దయావతి మొహం తుడుస్తూ, నవ్వలేక చచ్చిపోయింది.

తిరిగొచ్చాక శుక్రవారం బిర్యానీకి నౌమాన్ కుటుంబం, నలుగురు నర్సులు వచ్చారు. కథంతా దయావతే చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో సింహం ఐదడుగుల దూరంలోనే ఉంది. శాంసన్ రెండు కాళ్ళూ కింద పెట్టి నిలబడ్డాడు. జోసఫత్ బతిమాలితే తప్ప జీపెక్కలేదు.

"నిజమా భాయ్?" అన్నాడు నౌమాన్.

శాంసన్ పెరుగుపచ్చడి గిన్నె అతని వైపు జరిపాడు. ఆలస్యంగా వచ్చిన నర్సు వీణ కోసం దయావతి కథ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సింహాలు రెండున్నాయి.