ఇంజనులో పసుపు

నా చిన్నప్పుడు మాదాపూర్ నుంచి పట్నం దవాఖానకు పోవాలంటే ఎడ్లబండిలో సగం రోజు పట్టేది. రాళ్లగుట్టల మధ్య బండిబాట, అటూ ఇటూ జొన్నచేలు. ఇప్పుడు కోకాపేటలో పద్దెనిమిదో అంతస్తు మీద కూర్చుని, పిలిచిన కారు ఐదు నిమిషాలు ఆలస్యమైందని మా మనవడు విసుక్కుంటాడు. వాడికి ఇదంతా చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ సగం రోజే మా ఇంట్లో ఒక బిడ్డను తీసుకుపోయింది. నాకు ఆరేళ్లప్పుడు అమ్మకు నొప్పులొచ్చి బండి కట్టారు. గుట్టలు దాటకముందే పుట్టిన పసికందు దవాఖాన చేరేసరికి లేదు. మా నాయన పట్నంలో ఒక మోటారు కార్ఖానాలో మేస్త్రీ. పట్నంవాళ్ల కార్లన్నీ బాగుచేసే మనిషి భార్యను ఎడ్లబండిలో తీసుకుపోవలసి వచ్చిందన్న బాధ ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. యుద్ధం ముగిసిన కొత్తలో పాత ఇనుప సామాన్ల అంగళ్లు తిరిగి చక్రాలు ఒకచోట, ఇంజను ఒకచోట సంపాదించాడు. పని నుంచి సైకిలు మీద వచ్చాక మా పశువుల కొట్టంలో కూర్చుని రెండేళ్లు ఒక కారు బిగించాడు. పైభాగం వడ్రంగి చేసిచ్చిన చెక్కది. కోళ్లగూటికి చక్రాలు పెట్టినట్టుందని ఊరంతా నవ్వింది. అమ్మకు మళ్లీ నెలలు నిండుతున్నాయి, ఆ నవ్వులు వినే తీరిక ఆయనకు లేదు.

మొదటిసారి ఇంజను తిప్పే రోజు పొద్దున్నే నాయనమ్మ పసుపు గిన్నె, కుంకుమ భరిణె నా చేతికిచ్చింది. నాగలైనా తిరగలైనా బొట్టు పెట్టకుండా మా ఇంట్లో ముట్టుకునేవాళ్లు కాదు. “ఒక్కటి గుడ ఇడువకు బిడ్డా, అన్నిటికి వెట్టు” అంది. నేనేమో చెప్పిన మాట జవదాటని పిల్లను. చక్రాలకు పెట్టాను, దీపాలకు పెట్టాను. ఇంజను పక్కన మూత తీసి ఉన్న చిన్న నల్లడబ్బా కనిపించింది. లోపల ఒకదానికొకటి ఆనుకుని గోరంత ఇనుప ముక్కలు రెండు ఉన్నాయి. పాపం వాటినెందుకు వదలాలని వేలితో నిండుగా అద్దాను. నాయన స్నానం చేసి వచ్చి, ఆ డబ్బాకు మూత బిగించి, కొబ్బరికాయ కొట్టి, ముందున్న ఇనుప హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు.

ఇంజను ఉలకలేదు, పలకలేదు. మళ్లీ తిప్పాడు. ఎండ ఎక్కేదాకా తిప్పుతూనే ఉన్నాడు. పెట్రోలు రావడం లేదేమోనని గొట్టం ఊడదీసి చూస్తే ధారగా వస్తోంది. బ్యాటరీకి బల్బు కలిపి చూస్తే వెలిగింది. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు విప్పి, ఇంజను ఒంటికి ఆనించి, హ్యాండిల్ నన్ను తిప్పమన్నాడు. ఇద్దరం కలిసి తిప్పినా నిప్పురవ్వ రాలేదు. తీగలు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు. చూడవచ్చిన జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి.

మధ్యాహ్నానికి అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అనుకున్న రోజు ఇంకా వారం ఉంది. నాయనమ్మ ఇంకేమీ అడగకుండా బండి కట్టించింది. నాయన అమ్మ వైపు చూడలేకపోయాడు. “మీరు నడువుండ్రి, నేను ఎన్కనుంచి అందుకుంట” అన్నాడు. ఆ మాట ఆయనైనా నమ్మినట్టు అనిపించలేదు. బండి గుట్ట మలుపు తిరిగాక కొట్టంలో మేమిద్దరమే మిగిలాం. ఆయన చక్రానికి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. మా నాయనను అంత అలసిపోయి నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి లేచి ఆ నల్లడబ్బా మూత విప్పాడు. అందాకా దాని జోలికి పోలేదు, ముందురోజు తన చేతులతోనే శుభ్రం చేసి సరిచూసుకున్నది కదా. ఇనుప ముక్కల మధ్య, ప్లగ్గులకు కరెంటు అందాల్సిన చోటే, పసుపు ఎండి గట్టిపడి ఉంది. తర్వాత నా వేళ్ల వైపు చూశాడు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆయన తువ్వాలు కొసతో పసుపు తుడిచి, అగ్గిపెట్టె గరుకువైపుతో ఆ ముక్కల్ని రుద్ది, “మూత వెట్టేముందు లోపట సూస్కోవాలె బిడ్డా, నేను సూస్కోలే” అన్నాడు. అంతే. ఇక రెండో తిప్పుకు ఇంజను పెద్దగా దగ్గి అందుకుంది.

గుట్టల మధ్యనే బండిని కలిశాం. అమ్మను మోసి కారులో పడుకోబెట్టాక, ఇంతసేపు ఏం చేశావురా అని నాయనమ్మ దులిపేసింది. “లోపట పసుపు వెట్టిన అవ్వా, నేనే. యాది మరిచి మూసేసిన” అన్నాడు నాయన, బాట మీద నుంచి చూపు తిప్పకుండా. నేను వెనక కూర్చుని వేళ్లు లంగాలో దాచుకున్నాను. దవాఖానకు వేళకే చేరాం. నా తమ్ముడు పుట్టాడు, బతికాడు.

ఆ పసుపు కథ మాత్రం మా ఇంట్లో నవ్వులాటగా మిగిలిపోయింది. ఇంజనుకు బొట్టు పెట్టిన మేస్త్రీ అని నాయనను కార్ఖానాలో కూడా ఆటపట్టించేవారట. పోయేదాకా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం మూతల పాఠం బాగా నేర్చుకున్నాను. ఊరగాయ జాడీ అయినా, మందుల డబ్బా అయినా లోపలికి చూడకుండా ఈరోజుకీ మూయను. తప్పు నాదేనని చెప్పడంతో కలిపి ఆయన ఆ రోజు రెండు నేర్పాడు, నేను ఒకటే నేర్చుకున్నాను.

మొన్న మనవడు కొత్త కారు కొంటే కింద పార్కింగులో పూజ చేశాం. చేతికర్రతో వచ్చిన తమ్ముడు, “జర సూసి వెట్టుండ్రి, మా నాయిన లెక్క ఇంజన్ల వెట్టకుండ్రి” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైకొచ్చి మంచం మీద వాలాక నా కుడిచేతి వేలు చూసుకుంటూ ఉండిపోయాను. ఎనభై దాటాయి, ఇక మోయలేను తమ్ముడూ. ఆ పసుపు నేను పెట్టింది.