మోయని కమానులు

కాకినాడలో ఇంజనీరింగు చదివి, పి.డబ్ల్యు.డి.లో వంతెనలు కట్టించి, నలభయ్యో ఏట అమెరికా వచ్చాడు ఆదిశేషు. పద్దెనిమిదేళ్లుగా ఒకే కంపెనీ. పేరుకి స్ట్రక్చరల్ ఇంజనీరు. అసలు పని మాత్రం, కట్టించుకునేవాళ్లకి బెంగ పుట్టినప్పుడల్లా వెళ్లి ధైర్యం చెప్పి రావడం. నెరిసిన జుట్టు, గొంతు పెంచని తీరు చూసి ఎవరైనా ఇట్టే నమ్మేస్తారని బాసు ఎప్పుడో కనిపెట్టాడు. పెద్ద పదవులేమో ఆదిశేషు దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి దక్కాయి.

1987 అక్టోబరులో ఒక శుక్రవారం అలాగే ఇంకోచోటికి పంపారు. చికాగో శివార్లలో ఆర్మీనియన్లు కొందరు చర్చి కట్టుకుంటున్నారు. వాళ్ల దేశంలో ఎనిమిది వందల ఏళ్లనాటి మఠం ఒకటుంది. దాని ముందున్న మంటపం లాంటిదే కావాలనీ, రాతి కమానులు నిజంగా బరువు మొయ్యాలనీ మొదటి మీటింగులోనే పట్టుబట్టారు. కంపెనీ గీసిన ప్లానులో కప్పు బరువంతా ఉక్కు దూలాల మీదే. కమానులు ప్లాస్టరువి, ఆ దూలాలకి వేలాడతాయి.

"అడిగితే మోస్తాయని చెప్పెయ్. స్టీలు మాట ఎత్తకు" అన్నాడు బాసు.

దారిలో అరోరాలో ఇంటి దగ్గర ఆగి కాఫీ తాగాడు.

"ఏమండీ, మొహం అలా పీక్కుపోయిందేం? మీటింగ్ మండేకి పోస్ట్‌పోన్ చేసుకోకూడదూ?" అంది భార్య జానకీదేవి.

"మండే అయినా చెప్పాల్సింది అబద్ధమే కదా జానకీ. దానికోసం ముప్పై మైళ్లు డ్రైవ్ చెయ్యాలి."

"చెప్పకపోతే?"

"జాబ్ పోతుంది. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి ఎవడు హైర్ చేస్తాడు?"

ఆవిడ "మీ ఇష్టం" అని కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ మాటతో ఆయనకి నీరసం ఇంకాస్త పెరిగింది.

చర్చి వాళ్లది అప్పటికి అద్దెకి తీసుకున్న బేస్‌మెంట్ హాలు. ఒక చివర తెర, దీపం, బలిపీఠం. దేవుడి దీపం కనపడగానే ఆదిశేషు అలవాటు కొద్దీ గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశాడు. లోపలికి వెళ్లాక గానీ చూసుకోలేదు, అందరి కాళ్లకీ బూట్లున్నాయి. పైగా ఆయన ఎడమ మేజోడు చిరిగి బొటనవేలు బయటికి చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

కమిటీలో అందరికన్నా పెద్దది, ఎనభై రెండేళ్ల అరాక్సీ, కర్ర పోటేసుకుంటూ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"మా దేవుడి ముందు బూట్లు విప్పిన ఇంజనీరువి నువ్వొక్కడివే" అని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

అది భక్తి కాదు, ఉత్త అలవాటని చెప్పబోయి ఊరుకున్నాడు. ఇంత నమ్మకం నామీదెందుకు పెట్టుకున్నారురా భగవంతుడా అనుకున్నాడు.

మఠానికి వెళ్లొచ్చిన వాళ్లెవరో తీసిన స్లైడ్లు గోడ మీద వేశారు. మొదట మఠంలోని చర్చి. పన్నెండు పలకల మెడలాంటి గోడ, దాని మీద ముడిచిన గొడుగులా కోసుగా లేచిన రాతికప్పు. తర్వాత మంటపం. రెండు కమానులు అటు, రెండు ఇటు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. మధ్యలో స్తంభమన్నదే లేదు. వాటి నడిమిన చదరంగా వదిలిన ఖాళీలోంచి వెలుగు నేల మీదికి దిగుతోంది. గోడల పొడుగునా శిలువలు చెక్కిన నిలువురాళ్లు. బరువు ఏ రాయి నుంచి ఏ రాయికి దిగుతోందో ఆదిశేషుకి కళ్లకి కట్టినట్టు కనపడింది. ఈ విద్య అంటే తనకెంత ప్రేమ ఉండేదో గుర్తొచ్చింది.

"ఆ మూల" అంది అరాక్సీ కర్రతో చూపిస్తూ. "నాకు పదేళ్లప్పుడు, మావాళ్లని ఊచకోత కోస్తుంటే పారిపోయి వచ్చి అక్కడ తలదాచుకున్నాం. మా అమ్మ అక్కడే పోయింది. ఇప్పుడు చెప్పు. మీ కమానులు మోస్తాయా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది.

"మొయ్యవు" అన్నాడు ఆదిశేషు. "ప్లాస్టరువి. పైన ఉక్కుకి వేలాడతాయి."

గదిలో గోల లేచింది. ఎవరో కుర్చీ తన్నుకుంటూ లేచారు. ఉద్యోగం పోయిందని తెలుస్తూనే ఉంది. అయినా ఎన్నాళ్లకో కాస్త ఊపిరాడింది ఆయనకి.

అరాక్సీ చెయ్యెత్తి అందరినీ ఆపింది. "రాతితో అయితే ఎన్నేళ్లు?"

"ప్లాను మళ్లీ గీయాలి, పనివాళ్లని వెతకాలి. తక్కువలో తక్కువ ఆరేళ్లు."

"వేలాడేవైతే?"

"ఏడాదిన్నర."

ఆవిడ గోడ మీది బొమ్మని చాలాసేపు చూసింది.

"అయితే వేలాడదియ్యి నాయనా. ఆరేళ్లు నా దగ్గర లేవు."

"కానీ అది మీ మఠం కాదమ్మా" అన్నాడాయన, ఇంత చేసీ ఏం లాభమన్నట్టు.

"తెలుసులే. దాని కింద ఒక్కసారి నిలబడి మా అమ్మ పేరు చెప్పుకుంటాను. నా నెత్తిన పడదు కదా?"

"పడదమ్మా" అన్నాడు ఆదిశేషు. అంటుంటే ఏడుపొచ్చింది.