అక్క నంబరు, అడాప్టరు డబ్బా

చదువు ఏడో తరగతితోనే ఆగినా, అమీర్‌పేటలో ఇన్నేళ్లు కాపురముండి కంప్యూటర్ల సంగతి తెలియదంటే నలుగురూ నవ్వుతారు. మా సందు చివరి జిరాక్స్ దుకాణంలో ఏ కోర్సు నోట్సయినా దొరుకుతుంది. కంపెనీవాళ్లు ఇంటి ఫోను పాత తీగ తీసేసి, ఇకమీదట అదే నంబరు కేబుల్ ఇంటర్నెట్ మీద వస్తుందని చెప్పిపోయిన రోజునే నెట్‌వర్కింగు నోట్సు కొన్నాను. మూడు రోజులు చదివి సామాను తెచ్చాను: మోడెం, తీగను రెండుగా చీల్చే స్ప్లిటరు, పది మీటర్ల కేబులు, ఫోను తగిలించే అడాప్టరు.

నాకు ఇంటర్నెట్ అక్కర్లేదు, నంబరు కావాలి. యూసుఫ్‌గూడలో ఉండే మా అక్కకు చూపు ఆనదు. సెల్‌ఫోను ఆమె చేతికి లొంగదు, మా ఇంట్లో అసలు లేదు. ఇంటి ఫోను మీద మా నంబరొక్కటే ఆమె వేళ్లకు తెలుసు. రోజూ పొద్దున టీ తాగి చేసేది. తీగ పోయి వారమైంది. మా ఆవిడ ఆటోలో వెళ్లి చెప్పివస్తే అక్క నమ్మలేదట. ఫోనెత్తడానికి కూడా నాకు బద్ధకమైందని తీర్మానించిందట.

కేబుల్ ఆయన వచ్చాడు. యాభై దాటినవాడే, తలకు రంగు. నా సామాను చూసి, మోడెం తామే ఇస్తామనీ, టీవీకి వేరే లైను ఉంది కాబట్టి స్ప్లిటరుతో పనే లేదనీ చెప్పాడు. నేను నోట్సు తెరిచి పేజీ చూపించాను. ఓపికగా చదివాడు.

"గిది పరీక్షకు అంకుల్, గోడకు కాదు."

అడాప్టరు ఒక్కటి పనికొచ్చింది. దానికి నా నల్ల ఫోను తగిలించాం. నంబరు వేలితో తిప్పే ఫోను, వానకూ కరెంటు కోతకూ బెదరనిది. ఎత్తితే మోత వచ్చింది. తిప్పితే ఆ మోత ఆగలేదు, నంబరు కలవలేదు. కొత్త డబ్బాకు బటన్ల చప్పుడే తెలుస్తుందట, తిప్పుడు ఫోను టికటికలు తెలియవట. చెవుడు నీ డబ్బాకు, నా ఫోనుకు కాదన్నాను. అవునని ఒప్పుకున్నాడు. దాంతో నాకు ఇంకా కోపమొచ్చింది.

"కాల్స్ వస్తయి అంకుల్, పోవు. గంతే."

ఫోను చేయడానికి రాని ఫోను దేనికని పావుగంట నిలదీశాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి వింటోంది.

"గింత ఫికర్ ఎందుకు? మీరు అక్కకు ఎన్నడన్న ఫోన్ చేసిన్రా? ఎప్పుడైనా ఆమెనే చేస్తది."

కేబుల్ ఆయన మోడెం దీపాల వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

నా జ్ఞాపకం చిన్నదేమీ కాదు. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవరు రాకముందు ఏ మూల ఏ దుకాణముండేదో ఇప్పటికీ చెప్పగలను. అక్కకు నేను ఫోను చేసిన రోజు కోసం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. బావ పోయిన కబురు కూడా ఆమే చేసి చెప్పింది. అసలు ఆమె నంబరే నాకు రాదు.

ఆ మధ్యాహ్నమే పంజాగుట్ట వెళ్లి పెద్ద బటన్ల ఫోను తెచ్చాను. మా ఆవిడ ఒక్కొక్క అంకె చెబుతుంటే నొక్కాను. చాలాసేపు మోగాక అక్క ఎత్తింది. అక్కా అన్నాను.

"ఎవరికేమైంది?" అంది.

ఎవరికీ ఏమీ కాలేదంటే నమ్మలేదు. ఫోను మా ఆవిడకు ఇప్పించి, అందరం బాగున్నామని ఆమె నోట విన్నాకే కుదుటపడింది.

"ఊకెనే చేసినవా, తమ్మీ?"

"ఊకెనే చేసిన."

"మరి చెప్పు."

ఏం చెప్పాలో తోచక అడాప్టరు సంగతి మొదలుపెట్టాను. స్ప్లిటరు దాకా వచ్చేసరికి అక్క ఆపింది.

"గదంత రేపు చెప్పు. పొద్దుగాల నువ్వే చెయ్యి," అని పెట్టేసింది.