శుభ్రం చేసిన పాట

మా అక్క కూతురిది చెవిటి మిషన్ల షాపులో ఉద్యోగం. వచ్చినవాళ్ళని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంటుంది. వినపడకపోయినా పరువు కోసం నొక్కేసే ముసలాళ్ళుంటారు. వాళ్ళని ఇట్టే పట్టేస్తుంది. ఇంట్లో నేను వంటగదిలో చెంచా పడేస్తే పక్కగదిలోంచే ఏ చెంచానో చెప్పేస్తుంది. అవి చెవులు కావు, పిశాచాలు.

అంత చెవులున్న పిల్ల మా అక్క గొంతుని చేజేతులా పోగొట్టింది. అదీ ప్రేమతో. కోపం రాకుండా ఈ సంగతి చెప్పడం నా వల్ల కాదు. రానీండి, ఏం చేస్తాం.

దానికి చిన్నప్పటినుంచీ జపాన్ బొమ్మల సీరియళ్ళ పిచ్చి. కార్టూన్లు అన్నానంటే నామీద ఇంతెత్తున లేచేది. "యానిమే పిన్నీ, యానిమే" అని దిద్దేది. సరే తల్లీ, యానిమే. తక్కిన పిల్లలు కథ చూసి లేచిపోయేవాళ్ళు. ఇది మాత్రం చివర్లో పేర్లు పడుతుంటే వచ్చే పాట కోసం కూర్చునేది. అది అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, టీవీ ముందునుంచి నడవకూడదు. మా బావగారు బతికున్నప్పుడు పాపం ఆయన పాట అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడేవాడు.

పెద్దయ్యాక కంప్యూటర్ కొనుక్కుంది. అప్పట్నుంచి ఆ పాటల్ని విప్పడం, మళ్ళీ కట్టడం. గొంతు ఒక పక్కకి, డోలు ఒక పక్కకి, వయొలిన్ ఒక పక్కకి విడదీస్తుంది. దరువు మారుస్తుంది, తనదేదో కలుపుతుంది, కొత్త పాట చేస్తుంది. రీమిక్స్ అంటారట. ఇలాంటివాళ్ళందరికీ ఆన్‌లైన్లో ఒక గ్రూపు. అంతా మన భాషవాళ్ళే, తలా ఒక ఊళ్ళో, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పేర్లు కూడా సొంతవి కావు. మా పిల్ల అక్కడ 'దూది'. ఎంత గరుకు చప్పుడైనా దాని చేతిలో పడితే మెత్తబడుతుందని ఆ పేరు పెట్టారు. ఆ గుంపుకి పెద్ద 'తాత'. తాత అంటే ముసలాయన కాదు, ఇంకా పెళ్ళి కూడా కాని కుర్రాడు, లిఫ్టులు బాగుచేస్తాడు. గ్రూపు మొదలుపెట్టింది తనేనని తాత అయిపోయాడు.

వీళ్ళకొక ఆచారముంది. ఈ రీమిక్సులవాళ్ళకి పాట ఎప్పటికీ పూర్తికాదు. ఇవాళ చేసింది రేపు విప్పుతారు, ఎల్లుండి ఇంకోలా కుడతారు, ఏళ్ళు గడిచినా బయటపెట్టరు. ఇలాగైతే లాభం లేదని తాత రూలు పెట్టాడు. పాట గ్రూపులో పెట్టిన మరుక్షణం దానికి సంబంధించినదంతా చెరిపెయ్యాలి. విడదీసిన ముక్కలూ, సొంతంగా రికార్డు చేసుకున్నవీ, ఏవీ మిగలకూడదు. మళ్ళీ వెనక్కి రాకుండా చెరిపే సాఫ్ట్‌వేర్ కూడా అతనే ఇచ్చాడు. చెరిపాక ఖాళీ ఫోల్డరు ఫొటో తీసి పాట కింద పెట్టాలి. దీన్ని 'గది ఊడ్చడం' అంటారు. ఊడిస్తేనే చప్పట్లు, ఊడవకపోతే నీ పాట ఎవడూ వినడు. ఇంట్లో చీపురు ముట్టుకున్న పాపాన పోని పిల్ల, ఆ గది మాత్రం అద్దంలా ఊడ్చేది. దెప్పుదామంటే వినిపించుకునే స్థితిలో ఉంటేగా, ఎప్పుడూ చెవుల మీద ఆ హెడ్‌ఫోన్ల బుట్టలే.

మా అక్కది కుట్టుపని. లాడ్జీలకి కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. బావగారు పోయినప్పటినుంచీ నేనూ వాళ్ళింట్లోనే ఉంటున్నాను. పగలంతా బస్టాండులో టికెట్ల కిటికీ వెనక అరిచి అరిచి ఇంటికొస్తే, ముందు గదిలో అక్క మిషను టకటకా నడుస్తుండేది, దానిమీద అక్క పాట సాగుతుండేది. గోడ అవతల కూతురు వాయించి వాయించి అరగదీసిన పాటే. పడవలు బాగుచేసే పిల్ల కథ ఏదో ఉందట, దాని చివరి పాట. మాటలు ఒక్కటీ తెలియవు అక్కకి. నోటికొచ్చిన అక్షరాలేవో పేర్చి పాడేసేది. నడుమ ఒకచోట రాగం బాగా పైకెక్కుతుంది. అక్కడికి అక్క గొంతు వెళ్ళదు. కిందే ఉండి ఒక 'ఊఁ' పెట్టి, రాగం దిగొచ్చాక మళ్ళీ అందుకునేది. పిల్లకి ప్రాణం పోయేది. అమ్మా, అక్కడ పైకెళ్ళాలే అని విసుక్కునేది. నువ్వు వెళ్ళిరా, నేనిక్కడే ఉంటా, దిగాక కలుద్దాం అనేది అక్క. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

తర్వాత ఆ గొంతు బొంగురుపోయింది. బట్టల దుమ్మనుకున్నాం, కషాయాలు తాగించాం. ఆఖరికి డాక్టర్ చూసి, గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలన్నాడు. మెడకి రంధ్రం పెడతారు, అందులోంచి ఊపిరి. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు. వేరే దారి లేదా అని నేను పట్టుబట్టాను. మా అక్క మాత్రం కుట్టుకోవడానికి ఏమైనా ఇబ్బందా అని అడిగింది. ఉండదన్నాడు. అయితే కానివ్వండి అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ కూతురితో అంది.

"నా పాట ఒకటి దాచిపెట్టవే. తర్వాత వింటాను."

అంతకుమించి ఏమీ అడగలేదు. ఫోన్లలో మాటలైతే ఉన్నాయి. ఎక్కడున్నావే, తాళం పక్కింట్లో ఇచ్చాను, వచ్చేటప్పుడు దారం తీసుకురా. ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే మాత్రం మొహం తిప్పేసుకునే మనిషి. పాట ఎక్కడా లేదు.

పిల్ల ముందు తల్లిని షాపుకి తీసుకెళ్ళి ఆ అద్దాల గదిలో కూర్చోబెట్టింది. అంత నిశ్శబ్దంలో అక్కకి నోరు పెగల్లేదు. నవ్వొస్తోందని బయటికొచ్చేసింది. దాంతో ఇంట్లోనే, మిషను ముందే మైకు పెట్టారు. నేను గడపలో కూర్చుని అక్క కుట్టిన గలీబులకి వేలాడే దారాలు కత్తిరిస్తున్నాను. అక్క మిషను తొక్కుతూ పాడింది. గొంతు సగం గాలే. దగ్గింది, ఆగింది, మళ్ళీ పాడింది. రాగం పైకెక్కే చోటికి వచ్చేసరికి మైకుకేసి వంగి, ఇక్కడ నేను రానమ్మా, నువ్వు పద, అని నవ్వి, తర్వాత అందుకుంది. నేను కత్తెర ఆపేసి చూస్తూ కూర్చున్నాను. మా అక్క అంటే అదే, మొత్తం మనిషి అందులో ఉంది.

ఆపరేషన్ రోజు బయట బెంచీ మీద నేను దేవుళ్ళందరికీ మొక్కుతుంటే, ఇది ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని చెవులకి బుట్టలు తగిలించుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏడుపు ఆపుకోవడానికి చేస్తోందేమోనని ఊరుకున్నాను. డాక్టర్ బయటికొచ్చి అంతా బాగా అయిందనేసరికి దాని పనీ అయింది. గ్రూపులో పెట్టేసింది. ఒక చెవి బుట్ట నాకిచ్చి వినమంది.

పాట బాగుంది, కాదనను. వెనక వయొలిన్లు, సన్నగా గంటలు. ఆ మధ్యలో ఒక గొంతు నీళ్ళలా జారిపోతోంది. పైకెక్కాల్సిన చోట నిక్షేపంగా ఎక్కింది. నేను చివరిదాకా విని, మిషను చప్పుడేదే అన్నాను.

"తీసేశాను పిన్నీ. దగ్గు తీసేశాను, బొంగురు తీసేశాను, కిందకి జారినవన్నీ పైకి లాగాను, అమ్మ వదిలేసిన చోట తన గొంతు ముక్కలే అతికి పైకెక్కించాను. రోగం మొత్తం తీసేశాను."

దాని మొహం వెలిగిపోతోంది. డాక్టర్ లోపల చేసిన పని తను బయట చేశాననుకుంటోంది పిచ్చిమొహం. మరి మొదట పాడింది ఉందిగా అన్నాను. గది ఊడ్చేశానంది. ఫోన్లో ఖాళీ ఫోల్డరు ఫొటో చూపించింది. దాని కింద వరసగా చప్పట్లు పడుతున్నాయి. నా మొహంలోకి చూసింది. మెల్లగా బుట్టలు మెడ మీదికి దించుకుంది. ఏం చేసిందో అప్పుడు అర్థమైంది దానికి. ఊడ్చి ఊడ్చి అలవాటైన చెయ్యి, ఆలోచించకుండానే ఊడ్చేసింది.

తర్వాత చూడాలి దాని తిప్పలు. కంప్యూటర్ బాగుచేసేవాడి దగ్గరికి పరిగెత్తింది. వాడు డిస్క్ తిరగేసి మరగేసి, ఇంత బాగా చెరిపినవాళ్ళని చూడలేదన్నాడు, మెచ్చుకుంటున్నట్టు. అప్పుడు గుర్తొచ్చింది దానికి, మిషను చప్పుడు ఎలా విడదీయాలో తోచక మొదటి రికార్డింగు తాతకి పంపానని. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది. నేనే ఉండబట్టలేక, ఉందా లేదా చెప్పు నాయనా అన్నాను.

"లేదండీ. దూది ఊడ్చాక నేను ఉంచుకోకూడదు కదండీ. నేనూ ఊడ్చేశానండీ."

మనిషి మంచివాడే. అయినా ఊరుకోలేదు నేను. బస్టాండులో ఇన్నేళ్ళు పనిచేసి నేర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. మీ రూళ్ళు తగలెయ్య, ఒక్కడికైనా బుద్ధీ జ్ఞానం ఉండక్కర్లేదా అన్నాను. అతను అన్నింటికీ అవునండీ అన్నాడు. అలా అనేవాడిని ఎంతసేపు తిడతాం.

గ్రూపంతా కదిలిపోయింది. ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. శుభ్రం చేసిన పాటని మళ్ళీ మురికి చేయడం మొదలుపెట్టారు. ఒకడు గొంతులో గరుకు కలిపి పంపాడు. ఒకమ్మాయి వాళ్ళింటి కుట్టుమిషను రికార్డు చేసి వెనక పెట్టింది. ఇంకొకాయన దగ్గు చేర్చాడు, వాళ్ళ అమ్మమ్మదట. మంచి మనసుతోనే చేశారు, నాకు తెలుసు. తెలిసినా వినబుద్ధి కాలేదు. గొంతు ఒకరిది, దగ్గు ఒకరిది, మిషను ఒకరిది. అన్నీ కలిపి మా అక్క అంటారు. మా పిల్ల మాత్రం ఒక్కొక్కటీ చెవిలో పెట్టుకుని, కాదు, కాదు, అని పక్కన పెట్టేది. అంత చెవులూ ఇప్పుడు దేనికి పనికొచ్చాయి, ఏది అమ్మ కాదో చెప్పడానికి.

అక్క ఇంటికొచ్చింది. మెడకి గుడ్డ, చేతిలో పిల్లలు రాసుకునే తెల్ల బోర్డు. బోర్డు మీద కూడా నన్ను తిట్టడం మానలేదు, గిన్నెలు సరిగ్గా తోమలేదని రాసేది. కొన్నాళ్ళకి మళ్ళీ మిషనెక్కింది. అప్పుడప్పుడూ కూతురు ఎదురుపడితే, 'పాట?' అని రాసి చూపించేది. ఇంకా పని ఉందమ్మా అనేది ఇది. అక్క తలూపేది. కూతురి సంగతి తెలిసిందేగా, పాట తొందరగా తెమల్చదు. మంచి పనికి టైం పడుతుందని నాకే రాసి చూపించింది ఒకసారి. నేను మొహం తిప్పుకుని గలీబులు మడతపెట్టాను.

మొన్న మధ్యాహ్నం లాడ్జీ వాళ్ళ కర్టెన్లు కట్టలు కట్టించి పంపేశాక, అక్క మిషను మీద గుడ్డ కప్పింది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుని, 'ఇవాళ వింటాను' అని రాసింది. పిల్ల వంటగదిలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దగ్గు కలిపింది పెట్టనా పిన్నీ, అది కొంచెం దగ్గరగా ఉంటుంది అంది.

"నీ ఇష్టం. కానీ ఎవరి దగ్గో తెచ్చి మా అక్క నోట్లో పెట్టకు."

అది ముందు గదిలోకి వెళ్ళింది. తను చేసిన పాటే పెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్క కళ్ళు మూసుకుని వింది. దరువుకి కాలు ఆడించింది, అక్కడక్కడా తలూపింది. మొహం ప్రశాంతంగా ఉంది. నేను దేవుడా, తన గొంతేననుకోనీ, అనుకోనీ అని మొక్కుకుంటూనే ఉన్నాను. పాట అయిపోయింది. పిల్ల స్పీకరు పట్టుకుని అలాగే నిలబడింది.

అక్క కళ్ళు తెరిచి కూతురికేసి చూసి నవ్వింది. కొంగుతో బోర్డు తుడిచి, తీరిగ్గా రాసి, మాకు కనపడేలా పట్టుకుంది.

'ఆ పిల్లెవరోగానీ బాగా పాడింది. ఇప్పుడు నాది పెట్టు.'

చూపించి, బోర్డు ఒళ్ళో బోర్లించుకుని, వినడానికి మళ్ళీ కళ్ళు మూసుకుంది.