ఉప్పు తాగిన సాల్వియా

2016లో మా నర్సరీ అరసవల్లి దారిలో ఒక తాటాకు పాక. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, విత్తనాల ప్యాకెట్ మీది పేరు కూడబలుక్కుని చదువుతాను. సాల్వియా అని అలాగే నేర్చుకున్నాను. చలికాలంలో ఎర్రటి కంకులు వేస్తుంది. పొద్దుటెండ కావాలి, వేరు దగ్గర నీరు నిలవకూడదు, వాడిన కంకులు తుంచుతూ ఉండాలి. ఇంతే దాని కోరిక.

మాఘమాసంలో ఒక ఉదయం, చేపలమ్మే నూకాలు నూనెడబ్బాలో ఉన్న సాల్వియాను చంకన పెట్టుకుని వచ్చింది. ఆకుల అంచులు మాడిపోయాయి. పైన రెండు ఎర్ర కంకులు మాత్రం నిలబడి ఉన్నాయి.

"మామ్మా, దీన్ని బతికించు."

"ఏటి పోసినావే దీనికి?"

"సేపలు కడిగిన నీలు. మా బీరపాదుకి అదే కదా బలం!"

మట్టి చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. "ఉప్పుసేపల నీలే ఇవి! మొక్కనేటి ఊరగాయ ఎడతన్నావా?"

డబ్బాకు చిల్లు కూడా లేదు. మేకుతో నాలుగు పొడిచి, ఉప్పు దిగిపోయేదాకా మంచినీళ్ళు పోశాను. ఇక మిగిలింది ప్రూనింగ్, అంటే కొమ్మలు కుదించి కత్తిరించడం. చెడిన వేరు అంత బరువు మొయ్యలేదు. కత్తెర తీయగానే నూకాలు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"కొయ్యొద్దు మామ్మా! మావ నాటినాడు. గుజరాత్ సేపలేటకెల్లినాడు, ఫోను కలవట్నేదు. ఈ ఎరుపున్నన్నాళ్ళూ మావకేటీ అవదని నా నమ్మకం."

ఆమె చూపు నా బోసి నుదుటి మీద ఒక్క క్షణం ఆగింది. నాకు కోపం వచ్చింది. అయినా కత్తెర ఆమె చేతిలోనే పెట్టాను.

"నా సెయ్యొద్దులే. నువ్వే కొయ్యి. పువ్వు కోసం సూస్తే మొక్క సస్తాది."

ఏడుస్తూ కోసింది. కోసిన కంకులు కొప్పులో పెట్టుకుని, మోడును నా దగ్గర వదిలి వెళ్ళింది.

రోజూ చేపల బుట్టతో పోతూ చూసేది. పుల్ల పుల్లలాగే ఉండేది. "నేదా?" అనేది. "నేదు, నడు," అనేదాన్ని. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పుల్లను గోటితో గీకి పచ్చదనం ఉందో లేదో నేనూ చూసుకునేదాన్ని.

ఒక పొద్దున ఇద్దరం డబ్బా మీదికి వంగిపోయాం. ఆకు రాలిన ప్రతి కణుపు దగ్గరా, అటొకటి ఇటొకటి, నువ్వుగింజంత పచ్చటి మొలకలు! ఉప్పు తాగి, మాడి, తెగి, అన్నీ పోయిన ఆ పుల్లలో ఇవి ఎక్కడ దాక్కున్నాయి? ఇన్నేళ్ళుగా మట్టిలో చేతులు పెట్టినదాన్ని, ఒక్కొక్క కణుపూ వేలితో తాకి చూశాను.

"కల్లు తెరిసినాది మామ్మా!" అంది నూకాలు, గొంతు తగ్గించి, పసిబిడ్డ నిద్ర లేస్తుందేమో అన్నట్టు.

కొమ్మలు సాగాయి గాని పువ్వు ఇంకా రాలేదు. అంతలో నూకాలు పరుగున వచ్చింది. "మావొచ్చినాడు! ఒక్క పువ్వైనా పుయ్యకండానే వొచ్చినాడు మామ్మా!"

"మరి నీ నమ్మకం ఏటయినాదే?" అన్నాను. నవ్వుతూ డబ్బా ఎత్తుకుపోయింది.

ఆనాటి నుంచి ఎవరి మొక్కనూ నా చేత్తో కోయను, కత్తెర వాళ్ళకే ఇస్తాను. ఎక్కడ కొయ్యాలో నేను చెప్పగలను. కొయ్యడానికి కావలసిన గుండె మాత్రం, ఆ మొక్క ఎవరిదో వాళ్ళ దగ్గరే ఉంటుంది.